పదకొండో పొగ

కోక్-జర్‌లో ఎవరినైనా మీ ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయని అడిగితే, పదకొండు పొగలు అంటారు. అక్కడ ఇల్లంటే పొయ్యే. ఆ పదకొండు పొగలనీ పొద్దున్నే లెక్కపెట్టే పని బుర్మకాన్‌కి ఎవరూ అప్పజెప్పలేదు, ఆవిడే నెత్తికెత్తుకుంది. పాల బకెట్టు పట్టుకుని దొడ్లోకి వెళ్తూ, పై ఇంటి నుంచి మొదలుపెట్టి, వేలు చూపిస్తూ ఒకటీ రెండూ అని పైకే లెక్కపెడుతుంది. ఎవరింటి పొగ ఆలస్యమైతే ఆ ఇంటి కోడలు ఎంత బద్ధకస్తురాలో మధ్యాహ్నానికల్లా ఊరందరికీ తెలిసిపోతుంది. కోడళ్ళకి ఆవిడంటే హడలు. అత్తలకి మాత్రం మహా ఇష్టం.

ఆవిడకి అరవై ఒక్కేళ్ళు. మనిషి పొట్టి, గొంతు మాత్రం రెండు కొండలవతలికి వినపడుతుంది. పూర్వం ఉమ్మడి పొలంలో పాలు పితికేది. ఆ పొలాన్ని రద్దు చేసి పశువుల్ని పంచినప్పుడు టోపీలో చీటీలు వేసి తీయించారు. అందరికీ గొర్రెలో గుర్రాలో వస్తే బుర్మకాన్ చేతికి ఏడు జడలబర్రెలొచ్చాయి. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "చీటీ నువ్వు తియ్యకపోతే ఏం, నేను తీసేవాణ్ణిగా!" అని మొగుడు వారం రోజులు మాట్లాడలేదు. ఆ మొగుడు పోయి ఎనిమిదేళ్ళయింది. జడలబర్రెలు మాత్రం పిల్లాపాపలతో పచ్చగా ఉన్నాయి. వాటికి కొట్టం అక్కర్లేదు, చలికి జడవవు, మంచుని గిట్టలతో తవ్వుకుని అడుగునున్న గడ్డి మేస్తాయి. "నా పిల్లలకంటే ఇవే నయం, చలేస్తోందని ఒక్కనాడూ ఏడవలేదు" అని ఆవిడ ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. విన్నవాళ్ళకే మళ్ళీ చెబుతుంది.

ఆ మందకి పెద్ద సుల్తాన్ అనే పోతు. నల్లగా, గుమ్మమంత వెడల్పుగా ఉంటుంది. నడుస్తుంటే జడలు నేలని ఊడుస్తుంటాయి. దానికి లోపమంటూ ఉంటే ఒక్కటే, వాగుకి అవతల ఉన్న జోల్చుబెక్ గడ్డిమేటు.

జోల్చుబెక్ ఒకప్పుడు ట్రాక్టర్ నడిపేవాడు. ఇప్పుడు గొర్రెలు కాసుకుంటూ లోకమంతటి మీదా చిరాకు పడుతుంటాడు. ఆయన పెళ్ళాం అనిపా, బుర్మకాన్ ఇద్దరూ ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. ఒకే చోట పాలు పితికారు. ఒకరి బిడ్డకి ఇంకొకరు పాలిచ్చారు. వాళ్ళ ఇల్లు ఒక్కటే వాగుకి అవతల ఉంటుంది. మధ్యలో నలుగురు మనుషుల లోతు గండి. దాటడానికి రెండు దుంగల మీద పలకలు కొట్టిన వంతెన ఉంది. అనిపాకి ఊపిరితిత్తులు బలహీనం. చలి తగిలితే దగ్గు, దగ్గొస్తే నిద్రుండదు. అందుకని ఆ ఇంట్లో అక్టోబరు నుంచి మే దాకా పొయ్యి ఆరదు.

పోయిన శరత్తులో జోల్చుబెక్ పార పుచ్చుకుని వచ్చాడు. "నీ పోతు నా మేటు సగం మేసేసింది!" అని అరిచాడు. పంచాయితీ ఇషెనాలి తాత ఇంట్లో జరిగింది. ఆ ఊరి తెల్లగడ్డాలన్నిటిలోకీ తెల్లటి గడ్డం ఆయనదే. నిజం చెప్పాలంటే సుల్తాన్ రోజూ తెల్లవారుజామున వంతెన దాటి వెళ్ళి ఆ తియ్యటి గడ్డి మేసి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చేది. బుర్మకాన్ దాన్ని కళ్ళారా చూసింది కూడా. కానీ జోల్చుబెక్ నలుగురి ముందూ "దొంగ గొడ్డుని పెంచిన దొంగ మనిషి" అనేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. బల్ల మీది రొట్టె అందుకుని, "నా సుల్తాన్ ఆ వంతెన మీద కాలు పెట్టి ఉంటే ఈ రొట్టె ఉసురు నాకు తగలాలి! మేసింది మెదెర్బెక్ గుర్రాలు!" అంది. జోల్చుబెక్ కూడా తక్కువవాడు కాదు. అదే రొట్టె మీద చెయ్యి వేసి, సగం మేటూ మేసింది ఆ పోతేనని ఒట్టేశాడు. ఆ ఊళ్ళో రొట్టె మీద వేసిన ఒట్టుని ఎవరూ కాదనరు. రెండు ఒట్లు ఎదురెదురు నిలబడేసరికి ఇషెనాలి తాత గడ్డం నిమురుకుని, టీ తాగి అందర్నీ పంపించేశాడు.

ఆ రోజు నుంచి బుర్మకాన్ జోల్చుబెక్ గడప తొక్కలేదు. ఊళ్ళో గుర్రాలు మేపుకునే మెదెర్బెక్‌కి మాత్రం చలికాలమంతా దొంగ గుర్రాల మెదెర్బెక్ అనే పేరు అతుక్కుపోయింది. ఒట్టేసిన వారానికే బుర్మకాన్ కింది పన్ను ఒకటి కదలడం మొదలెట్టింది. రొట్టె కొరికినప్పుడల్లా జివ్వుమనేది. అది ఏ ఉసురో ఆవిడకి తెలుసు. ఎవరికీ చెప్పకుండా రొట్టెని టీలో నానబెట్టుకుని తినేది.

ఫిబ్రవరిలో గాలి లేచింది. మూడు రోజులు, మూడు రాత్రులు. ఏది ఆకాశమో ఏది నేలో తెలియలేదు. ఫోన్లు మొదటి రోజే చచ్చాయి. నాలుగో రోజు పొద్దున చెవులు దిబ్బెళ్ళు పడ్డంత నిశ్శబ్దం. బుర్మకాన్ తలుపు లోపలికి లాగితే ఎదురుగా తెల్లటి గోడ. పారతో పైకి మెట్లు చెక్కుకుని, పాకుకుంటూ బయటికి తల పెట్టింది. ఎండ! కళ్ళు తెరవనివ్వని ఎండ! కంచెల్లేవు, దారుల్లేవు, గడ్డివాములు గుడ్లలా నున్నగా ఉన్నాయి. దొడ్లో పదమూడు జడలబర్రెలూ వీపుల మీద మంచు మోస్తూ తాపీగా నెమరేస్తున్నాయి. ఆవిడకి ఉత్సాహం పొంగుకొచ్చింది. మంచంటే ఇదీ! ఇలాంటి మంచు చూసి ఎన్నేళ్ళయింది!

వేలెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... పది.

మళ్ళీ పైనుంచి లెక్కపెట్టింది. పదే. చూపు గండి అవతలికి వెళ్ళడానికి ఇష్టపడలేదు గానీ వెళ్ళక తప్పలేదు. జోల్చుబెక్ ఇల్లుండాల్సిన చోట ఒక దిబ్బ ఉంది. దాని మీద పొగ లేదు, పొగగొట్టమే లేదు.

"అనిపా!" అంది ముందు మెల్లగా. తర్వాత రెండు కొండలు దద్దరిల్లేలా అరిచింది. "అషర్! రండిరా! అషర్!"

ఆ మాట వినపడితే చేతిలో ఉన్న పని ఎక్కడిదక్కడ వదిలేసి పార పట్టుకుని రావాలి. సాయం చేసినవాడు కూలి అడగడు, చేయించుకున్నవాడు టీ పోస్తాడు, అంతే. పది ఇళ్ళ తలుపులూ లోపలికి తెరుచుకున్నాయి. తలలు ఉడతల్లా మంచులోంచి పైకొచ్చాయి. గంట తిరక్కుండా ఇరవై మంది పారలు, తాళ్ళు, గడకర్రలు పట్టుకుని గండి ఒడ్డున చేరారు. ఇషెనాలి తాతని మంచు మీద జారే చెక్క బండి మీద కూర్చోబెట్టి లాక్కొచ్చారు. కోడళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు మంచు చల్లుకుంటున్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"వంతెన ఇక్కడే ఉండాలి" అన్నాడు ఒకడు.

"అక్కడుంటే నీ పెళ్ళిలో నేను వంతెన మీంచి ఇక్కడెలా పడ్డాను?" అన్నాడు ఇంకొకడు.

చిక్కు అదే. గండి అంచుల దాకా మంచు నిండిపోయి నున్నటి మైదానంలా ఉంది. గుంజ ఒక్కటి కూడా బయటికి కనపడటం లేదు. మెదెర్బెక్‌కి ఓపిక తక్కువ. "మీరు వాదించుకోండి, నేను అవతల టీ తాగుతుంటాను" అని గుర్రాన్ని అదిలించాడు. నాలుగడుగులు వేసిందో లేదో గుర్రం నిలువునా దిగిపోయింది. మెదెర్బెక్ టోపీ ఒక్కటే పైన మిగిలింది. పదిమంది తాళ్ళు వేసి, "హేయ్, హేయ్" అని లాగి మనిషినీ గుర్రాన్నీ బయటికి తెచ్చేసరికి అందరికీ చెమటలు పట్టాయి.

"టీ ఎలా ఉంది మెదెర్బెక్?" అని ఎవరో అడిగారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. అవతలి దిబ్బ మీద ఇంకా పొగ లేదు.

"గడకర్రలతో పొడుచుకుంటూ వెతకాలి. మధ్యాహ్నానికి దొరుకుతుంది" అన్నాడు ఇషెనాలి తాత.

మధ్యాహ్నానికా! పొయ్యి ఎప్పుడు ఆరిందో, నిన్నో మొన్ననో ఎవరికి తెలుసు? బొంతల కింద దగ్గుతూ ముడుచుకున్న అనిపా బుర్మకాన్ కళ్ళకి కట్టింది. నాలుక తనంతట తానే వెళ్ళి కదిలే పన్ను మీద ఆగింది.

"తాతా, సుల్తాన్‌ని తీసుకొస్తాను. దానికి వంతెన తెలుసు" అంది.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఇషెనాలి తాత గడ్డం మీది మంచు దులుపుకున్నాడు. "ఎలా తెలుసమ్మాయ్? అది వంతెన మీద కాలే పెట్టలేదన్నావుగా. నా రొట్టె మీదే కదా ఒట్టేశావ్?"

ఇరవై మంది, నలభై కళ్ళు. బుర్మకాన్ జన్మలో ఎవరి ముందూ తల దించినది కాదు. ఉమ్మడి పొలం పెద్దని పాల బకెట్టుతో కొట్టిన మనిషి.

"అబద్ధం చెప్పాను" అంది. గొంతు చిన్నగా వచ్చింది. ఆవిడకే నచ్చలేదు. మళ్ళీ గట్టిగా అంది. "అబద్ధమే ఆడాను! శరత్కాలమంతా రోజూ దాటింది. చీకట్లో దాటింది, వానలో దాటింది, కళ్ళు మూసుకుని దాటింది. ఆ మేటుకి దారి దానికి తెలిసినంతగా జోల్చుబెక్‌కి కూడా తెలీదు. ఇప్పుడు తిడతారా, తోలమంటారా?"

మంచు ముద్దలా నిలబడ్డ మెదెర్బెక్ ముందుకొచ్చాడు.

"అయితే అక్కా, నా గుర్రాలు?"

"నీ గుర్రాలు పతివ్రతలురా నాయనా. తర్వాత కాళ్ళు పట్టుకుంటాను, నీవీ వాటివీ. ముందు నా గొడ్ల వెనక మంచు ఎత్తడానికి రా."

"చలికాలమంతా నా పెళ్ళాం కూడా నమ్మలేదక్కా నన్ను!" అన్నాడు మెదెర్బెక్. అయినా పార భుజానేసుకుని ఆవిడ వెనకే పరిగెత్తాడు.

సుల్తాన్‌ని ముందు పెట్టి, మిగతా పన్నెండింటినీ వరసగా వెనక తోలుకొచ్చారు. మంచు దాని ఛాతీ దాకా వచ్చింది. అది దాన్ని లెక్కచెయ్యలేదు. తల వంచి, బుసకొడుతూ, ఛాతీతో నెట్టుకుంటూ పోయింది. వెనకవి తొక్కుకుంటూ వచ్చేసరికి గట్టి బాట తయారైంది. గండి ఒడ్డుకి రాగానే సుల్తాన్ ఆగిపోయింది. ముక్కు పైకెత్తి అవతలి గాలి వాసన చూసింది. బుర్మకాన్ దాని తోక చేతికి చుట్టుకుంది.

"వెళ్ళరా దొంగా" అంది దాని వీపు తట్టి. "ఈ రోజు నిన్నెవరూ కొట్టరు. వెళ్ళి తిను."

అది కదిలింది. కానీ అందరూ అనుకున్న చోటికి కాదు, ఇరవై అడుగులు ఎగువకి.

"అటు కాదు! అటు గండి!" అని ఇరవై గొంతులు అరిచాయి. "అక్కా, తోక వదిలెయ్! నిన్నూ లాక్కుపోతుంది!"

బుర్మకాన్‌కీ అనుమానమొచ్చింది. ఇన్నేళ్ళుగా తను పాలు పితికిన ఊరు, తను నడిచిన వాగు. తన లెక్క ప్రకారం కూడా వంతెన దిగువనే ఉండాలి. అయినా తనకీ ఊరికీ ఆ మేటు మీద అంత ఆశ ఎక్కడిది? ఆశ ఉన్నవాడికే దారి గుర్తుంటుందనుకుని కళ్ళు గట్టిగా మూసుకుని తోక పట్టుకుంది.

ధన్.

గిట్ట కింద చెక్క మోగింది. మళ్ళీ ధన్, ధన్, ధన్!

"పలకలు!" అని మెదెర్బెక్ గాల్లోకి ఎగిరాడు. "పలకల మీదుంది! అమ్మదొంగా, సుల్తానూ!" ఒడ్డున టోపీలు గాల్లోకి లేచాయి. కోడళ్ళు కేకలు పెట్టారు. ఇషెనాలి తాత బండి మీద లేచి నిలబడి, పడబోయి, మళ్ళీ కూర్చున్నాడు. పదమూడు జడలబర్రెలు ఒకదాని వెనక ఒకటి, పెళ్ళివారిలా, ఏ తొందరా లేకుండా వంతెన దాటాయి. వాటి వెనక పారలతో ఊరు దాటింది.

అవతలికి చేరాక సుల్తాన్ ఇంటి వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా గడ్డిమేటు దగ్గరికి వెళ్ళి మూతి లోపలికి దూర్చింది. దాని పని అయిపోయింది. మనుషుల పని మొదలైంది. సగంమంది తలుపు వైపు తవ్వారు, సగంమంది కప్పెక్కారు. పొగగొట్టాన్ని గాలి విరిచి ఎక్కడో పారేసింది. ఆ కన్నాన్ని మంచు బిరడాలా మూసేసింది.

"అనిపా! అనిపా, పలకవే!" బుర్మకాన్ పార వదిలేసి చేతులతో తవ్వుతోంది. "నాతో మాట్లాడనన్నావు సరే, దగ్గనైనా దగ్గవే!"

లోపల్నుంచి దగ్గు వినిపించింది. సన్నగా, ఖళ్ళు ఖళ్ళుమని. జన్మలో ఎవరి దగ్గూ ఆవిడకంత తియ్యగా వినపడలేదు.

తలుపు లోపలికి పడింది, దాంతో పాటు బండెడు మంచు, ఆ మంచు మీద బుర్మకాన్. ఇంట్లో ఉన్న బొంతలన్నీ ఒక చోట కుప్పగా ఉన్నాయి. ఆ కుప్పలోంచి రెండు మనిషి తలలు, అయిదు గొర్రెపిల్లల తలలు బయటికొచ్చాయి. పొగ లోపలికే తన్నుతోందని నిన్న పొద్దునే పొయ్యి ఆర్పేశారట. తలుపు తీసి తవ్వుదామంటే పార బయటే ఉండిపోయిందట. జోల్చుబెక్ మీసాల మీద మంచు పేరుకుంది. నోరు మాత్రం ఏమీ గడ్డకట్టలేదు.

"ఇప్పుడా వచ్చేది? ఊరంతా చచ్చిందనుకున్నాను!"

బుర్మకాన్ ఆయన్ని దాటుకుని వెళ్ళి అనిపాని వాటేసుకుంది. అనిపా చేతులు మంచుకడ్డీల్లా ఉన్నాయి. వాటిని తన చంకల్లో పెట్టుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు భోరున ఏడ్చారు. మాట్లాడుకోని నాలుగు నెలల ఏడుపూ అప్పుడే ఏడ్చేశారు.

పది నిమిషాల్లో మెదెర్బెక్ పాల డబ్బా అడుగు కోసి గొట్టం చేశాడు. ఎవరో పిడకలు తెచ్చారు. ఇనప పొయ్యి గుప్పుమంది. వాగుకి ఊరివైపు ఒడ్డునే ఉండిపోయిన ఇషెనాలి తాత గొంతు గాల్లో తేలివచ్చింది. "వచ్చింది! పొగ వచ్చింది! పదకొండు!" కప్పు మీదున్నవాళ్ళు కూడా అదే అరిచారు. ఇంట్లో ఉన్నవాళ్ళకి పొగ కనపడకపోయినా వాళ్ళూ అరిచారు.

టీ మరిగింది. సాయానికి వచ్చినవాళ్ళు రొట్టె ముక్క నోట వేసుకోకుండా గడప దాటకూడదు. అనిపా రొట్టె విరిచింది. గడ్డకట్టి ఉంది, గొడ్డలి కావాల్సినంత గట్టిగా. మొదటి ముక్క బుర్మకాన్ ముందుకి చాచింది. బుర్మకాన్ చెయ్యి ముందుకి రాలేదు.

అప్పుడే కిటికీలోంచి చూసిన జోల్చుబెక్ గతుక్కుమన్నాడు. "ఆ పోతు నా మేటు దగ్గరికి ఎట్లా వచ్చింది?"

"వంతెన మీదుగా. దారి దానికి ముందునుంచీ తెలుసు. అన్నా, నేను వేసింది దొంగ ఒట్టు. ఊరందరి ముందూ ఒప్పుకున్నాను. ఇక ఆ రొట్టె నాకెలా పెడతారు?"

జోల్చుబెక్ మీసం మీది మంచు కరిగి కారుతోంది. మెదెర్బెక్ వైపు చూశాడు, కప్పు వైపు చూశాడు, చివరికి అనిపా వైపు చూడకుండా అన్నాడు. "సగం మేటు అది మెయ్యలేదు. మహా అయితే నాలుగు మోపులు. మిగతాది మా తమ్ముడికి పంపాను. మీ వదిన ఒప్పుకోదని చెప్పలేదు."

"ఏంటీ?" అంది అనిపా. అంతవరకూ లేచి నిలబడలేకపోయిన మనిషి లేచి నిలబడింది. "నన్ను దీనితో మాట్లాడకుండా చేసింది నీ తమ్ముడి గడ్డా?" చేతిలోని గరిటె జోల్చుబెక్ వీపు మీద పడింది. ఇల్లంతా గొల్లుమంది. మెదెర్బెక్ కింద కూర్చుని మరీ నవ్వాడు. "అంటే ఊళ్ళో దొంగ కానివాణ్ణి నేనొక్కణ్ణేనా!"

"తినవమ్మా బుర్మకాన్" అన్నాడు జోల్చుబెక్ వీపు రుద్దుకుంటూ. "ఉసురు తగిలితే ఇద్దరికీ తగులుతుంది. ఇద్దరం కలిసే తిందాం."

ఇద్దరూ ఒకేసారి కొరికారు. బుర్మకాన్ నోట్లో టక్కుమంది. మూతి మూసుకుని, కళ్ళు పెద్దవి చేసి, మెల్లగా అరచేతిలోకి ఉమ్మింది. రొట్టెముక్క, దాని పక్కన పన్ను. నాలుకతో తడుముకుంది. అక్కడ ఖాళీ. నొప్పి లేదు. నాలుగు నెలల్నుంచి మొదటిసారి నొప్పి లేదు.

"తగిలింది!" అంది పన్ను అందరికీ చూపిస్తూ. పోటీలో గెలిచినంత సంతోషంగా ఉంది ఆవిడకి. "అయిపోయింది! నాది తీరిపోయింది! ఇంకో ముక్క ఇయ్యవే అనిపా!"

జోల్చుబెక్ కంగారుగా తన పళ్ళు ఒక్కొక్కటే వేలితో ఊపి చూసుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే బుర్మకాన్ బకెట్టు పట్టుకుని దొడ్లోకి వచ్చింది. పొగలు పదకొండూ ఉన్నాయి. జడలబర్రెలు పన్నెండే. పదమూడోది ఎక్కడుందో వెతకబోయేలోపే వాగు అవతల నుంచి కేక వినిపించింది.

"బుర్మకాన్! నీ దొంగ వచ్చాడు! టీ పెట్టింది అనిపా, నువ్వూ రా!"

ఆవిడ బకెట్టు అక్కడే దించేసి, పాలు పితకకుండానే వంతెన వైపు నడిచింది.